ఉప్పు నీరుకారిన రోజు గింజల సీసా తెరవకండి

పోయిన జూన్‌లో పెరట్లో ఆనప పాదు పెడదామని అటక మీంచి గింజల సీసా దించాను. అంతకుముందు అక్టోబరులో నేనే దాచినవి. ఒక్క పుచ్చు లేదు, ఒక్క పురుగు లేదు. గింజలు నిండుగా, చూడముచ్చటగా ఉన్నాయి. మూత ఎంత గట్టిగా బిగించానంటే తియ్యడానికి గుడ్డ పట్టుకోవాల్సి వచ్చింది. పన్నెండు గింజలు పెట్టాను. ఒక్కటి మొలిచింది. అదీ రెండాకులు విప్పి, ఇంక నా వల్ల కాదన్నట్టు అక్కడే ఆగిపోయింది.

పక్కింటి పిన్ని గోడ అవతల నుంచి చూసి వచ్చింది. సీసా అంచుకి ముక్కు ఆనించి వాసన చూసింది.

“ఏట్రా బాబూ, ముసుర్లో తీసిన గింజలు కావా ఇవి? ఆరకుండా మూతెట్టీసినావు. ఉక్కకి లోపలే సచ్చిపోనాయి.”

ఆవిడ గింజలు మట్టి ముంతలో ఉంటాయి. లోపల బూడిద, పైన వదులుగా కట్టిన పాత గుడ్డ. ముంతేమో ఉట్టి మీద. ఆవిడ ఆనప గింజలు కూడా ఆ అక్టోబరువే, ఆ ముసురులోవే. తొమ్మిది పెడితే ఎనిమిది మొలిచాయి. గాలి చొరబడని గాజు సీసా ఓడిపోయి, గాలాడే మట్టి ముంత ఎలా గెలిచిందన్న ప్రశ్న నన్ను చాలా రోజులు తినేసింది. గాలి తగలకూడదనే కదా అందరూ చెప్పేది! సమాధానం వెతుక్కుంటూ పోతే, గింజలు దాచడం గురించి నాకు తెలుసనుకున్న నాలుగు మాటల్లో మూడు సగం సగం నిజాలేనని తేలింది.

గింజ నిద్రపోతున్న పిల్లమొక్క. పక్కనే దానికి కట్టిచ్చిన చద్దిమూట ఉంటుంది. నిద్రలో కూడా అది కొద్దికొద్దిగా ఊపిరి తీస్తుంది, మూటలోంచి కొద్దికొద్దిగా తింటుంది. లోపల నీరు తక్కువగా ఉంటే ఊపిరి దాదాపు ఆగినట్టే ఉంటుంది. నీరు పెరిగితే ఊపిరి వేగం పెరుగుతుంది, తిండి ఖర్చవుతుంది, ఆ ఊపిరిలోంచే మళ్ళీ వేడీ నీరూ పుడతాయి. మూత బిగించిన సీసాలో ఆ నీరు ఎక్కడికీ పోదు, తిరిగి గింజలోకే చేరుతుంది. బూజుకి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. అంటే సీసా తప్పేమీ లేదు. మూత అనేది లోపల ఏది ఉంటే దాన్నే కాపాడుతుంది. పొడి గింజ ఉంటే పొడిని కాపాడుతుంది, చెమ్మ గింజ ఉంటే చెమ్మని కాపాడుతుంది. నేను చెమ్మని ఎనిమిది నెలలు భద్రంగా దాచాను.

మరి ఆరబెట్టలేదా అంటే, ఆరబెట్టాను. వారం రోజులు ఫ్యాను కింద పెట్టాను. ముట్టుకుంటే పొడిగానే ఉన్నాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వానాకాలంలో మరమరాల డబ్బా మూత మరిచిపోతే సాయంత్రానికి మెత్తబడిపోతాయి. మరమరాల మీద ఎవరూ నీళ్ళు చల్లలేదు, గాలిలోంచి అవే తాగాయి. గింజ కూడా అంతే. చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ నీటి బేరం చేస్తూనే ఉంటుంది. గాలి పొడిగా ఉంటే ఇస్తుంది, చెమ్మగా ఉంటే తీసుకుంటుంది. రెండూ సరితూగిన చోట ఆగిపోతుంది. గాలిలో తేమ 75 శాతం ఉన్నప్పుడు చిక్కుడు, బొబ్బర్ల లాంటి పప్పుజాతి గింజలో నీరు సుమారు 14, 15 శాతం దగ్గర ఆగుతుంది. ఆనప, గుమ్మడి లాంటి నూనె గింజల్లో సుమారు 10 దగ్గర. అక్కడికి చేరాక ఫ్యాను కింద నెల రోజులు పెట్టినా ఒక్క చుక్క తగ్గదు. ఫ్యాను గాలిని కదుపుతుంది కానీ ఎండబెట్టదు.

నూనె గింజకి 10 శాతమే కదా, తక్కువే అనిపిస్తుంది. కాదు. నూనె నీటిని పట్టుకోదు కాబట్టి ఆ 10 శాతం నీరూ మిగతా భాగంలోనే ఇరుక్కుని ఉంటుంది. అందుకే సర్టిఫైడ్ విత్తనాల ప్రమాణాల్లో ఒక్కో పంటకి ఒక్కో లెక్క ఉంటుంది. ఆనప, బీర, కాకర లాంటి పాదుజాతులకి నీరు 7 శాతం మించకూడదు. వంగ, టమాటా, మిరపకి 8, బెండకి 10. తేమ చొరబడని సంచిలో సీలు వేసేటట్టయితే ఇంకా గట్టి షరతు: పాదులకీ వంగ, టమాటా, మిరపలకీ 6, బెండకి 8. మూత బిగించేకొద్దీ గింజ మరింత ఎండి ఉండాలన్నమాట. నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇప్పుడు ఉప్పు సంగతి. గాలిలో తేమ కొలిచే మీటరు మనలో ఎవరింట్లో ఉంటుంది! కానీ ఉప్పు జాడీ అందరింట్లో ఉంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీరు తాగడం మొదలుపెడుతుంది, అంతకు దిగువన తాగదు. మన శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా కాస్త ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. ఏదైనా సరే, జాడీ అడుగున నీరు కనిపించిన రోజు గింజలు ఎండవు. ఎండిన గింజల సీసా ఆ రోజు తెరిస్తే అవి తాగడం మొదలుపెడతాయి. శ్రీకాకుళం తీరం పొడవునా, విజయనగరం జిల్లా భోగాపురం పక్కన కూడా, జూన్ నుంచి అక్టోబరు దాకా ఉప్పు పొడిగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

పైగా ఆ అక్టోబరు ఒకటుంది మనకి. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం, కవిటి వైపు ముంచేసింది. 2014లో హుద్‌హుద్ సరిగ్గా అదే 12న విశాఖ దగ్గర దాటి విజయనగరాన్ని కూడా కుదిపేసింది. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. జూన్, జూలైలో పెట్టిన పాదులకి విత్తనపు కాయ ముదిరేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అందుకే నా మట్టుకు నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మన జిల్లాల్లో విత్తనానికి వానాకాలపు కాయని నమ్ముకోకూడదు. నవంబరు, డిసెంబరులో పాదు పెట్టి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ముదిరే కాయని విత్తనానికి వదలాలి. కాయ పందిరి మీదే సగం ఎండుతుంది, మిగతా సగం ఎండ చూసుకుంటుంది. చిక్కుడు ఈ విషయంలో మనకన్నా తెలివైంది. పొద్దు తగ్గితే కానీ పూత పట్టదు కాబట్టి సంక్రాంతి దాటాకే దాని కాయలు ఎండుతాయి.

మరి పిన్ని ముంత?

“ముంతలో ఏం వేస్తావు పిన్నీ?” అని అడిగాను.

“ఏటేస్తాను, పొయ్యిలో బూడిదే. ముంత గొప్పేటి కాదురా. పొగ తగలాల.”

ఉట్టి వాళ్ళ వంటింట్లో ఉంది. నీళ్ళు కాచడానికి, ధాన్యం ఉడకబెట్టడానికి పిన్ని ఇప్పటికీ కట్టెల పొయ్యే వెలిగిస్తుంది. ఉట్టి సరిగ్గా దాని పైన. గాలి వేడెక్కితే దానిలో ఉన్న నీరు అంతే ఉన్నా తేమ శాతం పడిపోతుంది. అంటే ఊరంతా 85 శాతం తేమలో నానుతుంటే ఆ ఉట్టి చుట్టూ రోజూ కొన్ని గంటలు వేసవి గాలి ఆడుతోంది. మట్టి ముంతకి సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి లోపలి చెమ్మ బయటికి పోతుంది. బూడిద గింజల మధ్య సందులు పూడ్చి పురుగు తిరగకుండా చేస్తుంది, దాని ఒంటి మీది మైనపు పొర గీరుకుపోయి ఎండి చచ్చేలా చేస్తుంది. పొగ పురుగుని దగ్గరికి రానివ్వదు. ఇదంతా కలిపి ఒక యంత్రం. మనం గ్యాసు పొయ్యి తెచ్చుకుని, పొగ పోయాక, అదే ముంతని తెచ్చి స్లాబు ఇంట్లో అల్మారాలో పెట్టి “పాతకాలం పద్ధతి” అనుకుంటే అది పని చెయ్యదు. యంత్రంలో మోటారు తీసేసి డొక్కు మాత్రం తెచ్చుకున్నట్టు. సంప్రదాయం గొప్పదా, సైన్సు గొప్పదా అని వాదించేవాళ్ళు ఇద్దరూ పొయ్యి సంగతి మరిచిపోతారు.

ఇలాంటిదే వేపాకు. ఎండు వేపాకు వేస్తే పురుగుకి కొంత అడ్డు. కానీ చాలామంది చెట్టు నుంచి దూసిన పచ్చి ఆకే సీసాలో కుక్కుతారు. పచ్చి ఆకు బరువులో సగానికి పైగా నీరే. గింజ పక్కన తడిగుడ్డ పెట్టినట్టు. గుమ్మడి, దోస గింజల్ని పేడలో అద్ది గోడకి కొట్టడం కూడా మంచి పద్ధతే, ఎండ తగిలే గోడయితే, వేసవి అయితే. వానాకాలంలో ఆ పేడ బూజు పడుతుంది.

కట్టెల పొయ్యి లేని ఇంట్లో ఏం చెయ్యాలి? ముందు ఎండ. అయితే మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద, రేకు మీద పరిస్తే కాదు. గింజ ఒళ్ళు 40 డిగ్రీలు దాటితే దెబ్బ తింటుంది. పచ్చిగా ఉన్న గింజయితే ఇంకా ముందే. తీసిన మొదటి రెండు మూడు రోజులు నీడలో, గాలి ఆడేచోట. తరవాత చేటలోనో చాప మీదో పల్చగా పరిచి ఉదయం పదకొండు దాకా, మళ్ళీ మూడు తరవాత ఎండ. రాత్రికి లోపలికి తెచ్చి మూసెయ్యాలి, లేకపోతే పగలు పోయిన నీరు తెల్లారేసరికి మంచు నుంచి తిరిగొచ్చేస్తుంది. ఇక్కడ నేను చాలాకాలం చేసిన చిన్న తప్పు ఒకటి చెబుతాను. రాత్రంతా ఆరుబయట వదిలి, తెల్లవారగానే “చల్లగా ఉన్నాయి” అని సీసాలోకి ఎత్తేవాణ్ణి. రోజు మొత్తంలో గాలి అత్యంత చెమ్మగా ఉండేది తెల్లవారుజామునే. అత్యంత పొడిగా ఉండేది మధ్యాహ్నం రెండు, మూడు మధ్య. సీసా నింపాల్సింది అప్పుడు, నీడలో చల్లార్చుకుని.

ఎండ సగం దూరం తీసుకెళ్తుంది. మిగతా సగానికి సీసా లోపలి గాలినే ఎండబెట్టాలి. ఖరీదు లేని దారి వేయించిన బియ్యం. మూకుడులో నూనె లేకుండా సన్నటి సెగ మీద దోరగా రంగు మారేదాకా వేయించి, వేడి మీదే గట్టి మూత డబ్బాలో పోసి చల్లారనివ్వాలి. చల్లారిన బియ్యం గాజు సీసాలో సగం దాకా పోసి, పల్చటి గుడ్డలోనో కాగితంలోనో కట్టిన గింజల్ని పైన పెట్టి మూత బిగించాలి. నీటి కోసం వాచిపోయిన ఆ బియ్యం గింజల్లోంచి లాక్కుంటుంది. రెండు వారాలకి ఆ బియ్యం తీసి కొత్తగా వేయించినది పొయ్యాలి. సిలికా జెల్ దొరికితే అదే పని ఇంకా బాగా చేస్తుంది. గింజల బరువుకి సమానంగా వేస్తే చాలు. రంగు మారే రకమైతే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది, మళ్ళీ మూకుడులో వేడి చేసి వాడుకోవచ్చు. నీలం రంగు దానిలో కోబాల్టు ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో నారింజ రంగుది మేలు. చిక్కుడు, బొబ్బర్లను మాత్రం మరీ ఎండబెడితే తొక్క రాయిలా బిగుసుకుపోయి నీరు పీల్చవు. వాటికి ఒక్క విడత బియ్యం చాలు.

ఎండిందో లేదో తెలిసేదెలా? ఆనప, బీర, గుమ్మడి గింజని వంచితే టప్పున విరగాలి. వంగితే ఇంకా ఎండలేదు. చిక్కుడు గింజని పంటి కింద పెడితే పన్ను దిగబడకూడదు. మళ్ళీ ఉప్పు కూడా పనికొస్తుంది. పొడి సీసాలో గింజలు, కాస్త పొడి ఉప్పు వేసి కుదిపి పావుగంట వదిలితే, ఉప్పు గాజుకి అంటుకుంటే చిక్కుడు లాంటి గింజలో నీరు 15 శాతం దగ్గరో, పైనో ఉన్నట్టు. అంటుకోలేదంటే మాత్రం ఎండిపోయాయని కాదు, ఘోరంగా పచ్చిగా లేవని మాత్రమే. ఈ తేడా మరిచిపోయి ఉప్పు అంటలేదు కదా అని సంతోషపడిపోకూడదు.

ఇక ఫ్రిజ్. అమెరికాకి చెందిన విత్తన శాస్త్రవేత్త జేమ్స్ హారింగ్టన్ ఒక మోటు లెక్క చెప్పాడు. గింజలో నీరు ఒక శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు రెట్టింపు. దాచిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిస్తే మళ్ళీ రెట్టింపు. నీరు 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నంతవరకూ ఈ లెక్క సుమారుగా సరిపోతుంది. 12 శాతం నీరున్న గింజని 7కి ఎండబెట్టారనుకోండి. ఐదుసార్లు రెట్టింపు, అంటే 32 రెట్లు. 30 డిగ్రీల గది నుంచి 5 డిగ్రీల ఫ్రిజ్‌లోకి మార్చారనుకోండి. అదీ ఐదుసార్లే, 32 రెట్లే. రెండు గుప్పెళ్ళ వేయించిన బియ్యం చేసే పనీ ఫ్రిజ్ చేసే పనీ ఒకటే. రెండూ కలిస్తే మరీ మంచిది. కానీ ఎండకుండా ఫ్రిజ్‌లో పెడితే లాభం చాలావరకు పోతుంది, కవర్లో పెడితే అది కూడా దక్కదు, ఎందుకంటే ఫ్రిజ్ లోపల కూడా చెమ్మే. గట్టి మూత గాజు సీసాలోనే పెట్టాలి. బయటికి తీశాక ఆ సీసా గది వేడికి వచ్చేదాకా, కనీసం ఒక రాత్రి, మూత తియ్యకూడదు. చల్లని చెంబు మీద నీటి బొట్లు పేరుకున్నట్టు గింజల మీద పేరుకుంటాయి. తిత్లీ తరవాత ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న తోటల ప్రాంతంలో, చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఎండిన గింజల సీసా బయటే ఉన్నా ఏమీ కాదు, పచ్చి గింజల సీసా గతేం చెప్పాలి!

ఉద్దానం అన్నాను కాబట్టి ఒక పక్క మాట. ఇదంతా కూరగాయల గింజలకే. పనస గింజని, మామిడి టెంకని, కరివేపాకు గింజని ఇలా ఎండబెడితే చచ్చిపోతాయి. వాటికి నిద్రపోవడం తెలియదు, రాలిన వెంటనే మొలవడమే తెలుసు. ఎండబెడితే బతికేవాటికీ చచ్చేవాటికీ వేరువేరు పేర్లు పెట్టి ఈ తేడాని 1973లో బ్రిటిష్ శాస్త్రవేత్త రాబర్ట్స్ స్పష్టం చేశాడు. కవిటి వైపు పనస రైతుకి చెబితే నవ్వుతాడు, ఆయనకి ఎప్పటినుంచో తెలుసు.

పురుగు విషయంలో అందరూ పొరబడేది ఒకటుంది. బొబ్బర్లు, చిక్కుళ్ళలో పుచ్చు పురుగు డబ్బాలోకి బయటినుంచి వచ్చిందనుకుంటాం. చాలాసార్లు అది చేలోనే, పచ్చి కాయ మీదే గుడ్డు పెట్టి ఉంటుంది. గింజతో పాటే ఇంటికొచ్చి, లోపలినుంచి తొలుచుకుని బయటపడుతుంది. అందుకే ఎంత బిగించినా “ఎలా దూరిందిరా బాబూ” అనుకుంటాం. బాగా ఎండిన గింజల్ని గట్టి సీసాలో వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్డుతో సహా చస్తుంది. పచ్చి గింజని పెడితే పురుగుతో పాటు గింజా పోతుంది. ఫ్రీజర్ లేకపోతే కిలో గింజలకి 5 మిల్లీలీటర్ల వేపనూనె గానీ ఆముదం గానీ పట్టిస్తే కొత్త గుడ్లు నిలవవు.

దాచడం సరే, ఏ గింజ దాచాలి?

ఇక్కడ ఎక్కువమంది చేసే పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లేత కాయలన్నీ కోసుకుని తిని, ఆకు చాటున కనబడక ముదిరిపోయిన కాయని “ఇది విత్తనానికి ఉంచుదాం” అంటారు. అంటే మంచిచెడ్డలు చూడకుండా, కంటబడక మిగిలిపోయినదానికి వారసత్వం ఇస్తున్నారు. ఏళ్ళ తరబడి అలా చేస్తే రకం నీరసించిపోవచ్చు. మొదటి విడత మంచి కాయల్లో రెండిటికి ఎర్రదారం కట్టి వదిలెయ్యాలి. ఇంట్లో అందరికీ చెప్పాలి కూడా, లేకపోతే ఆదివారం పులుసులోకి పోతాయి.

ఇంకో చిక్కు పుప్పొడి. చిక్కుడు, బొబ్బర్లు, టమాటా పువ్వులు చాలావరకు వాటిలో అవే ఫలదీకరణ జరుపుకుంటాయి. వాటి గింజ తల్లిలాగే వస్తుంది. బెండ, వంగ, మిరప కొంచెం అటూ ఇటూ. ఆనప, బీర, పొట్ల, కాకర, గుమ్మడి పాదులకి ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. రెక్కల పురుగో తేనెటీగో ఏ పెరటి పుప్పొడి తెచ్చి పోస్తుందో తెలియదు. ధ్రువీకరణకి టమాటా రకాల మధ్య 25 మీటర్ల దూరం చాలంటారు, ఆనపకి అర కిలోమీటరు అడుగుతారు. మన ఊళ్ళో అర కిలోమీటరులో ఎన్ని పెరళ్ళుంటాయి!

దీనిలో తికమక పెట్టే విషయం ఏమిటంటే, పొరుగు పుప్పొడి పడినా ఈ ఏడు కాయ మారదు. కాయ కండ మొత్తం తల్లిదే. రంగు, రుచి, పొడవు అన్నీ మామూలే. లోపలి గింజలో మాత్రం తండ్రి కూడా ఉన్నాడు. అతనెవరో వచ్చే ఏడు పాదు కాస్తే కానీ బయటపడదు. “మంచి కాయ గింజే పెట్టాను, చేదు వచ్చింది” అనే మాట ఇందుకే వింటుంటాం. చేదు ఆనపకాయ, చేదు దోసకాయ కూర వండొద్దు. ఆ చేదు నిజంగానే విషం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ పాదు నుంచి గింజ అసలే ఉంచొద్దు. అయితే భయం కూడా హద్దులోనే ఉండాలి. ఆనప పక్కన గుమ్మడి ఉంటే రెండూ కలిసిపోవు, జాతులు వేరు. మన పసుపుపచ్చటి దోసకాయ, కీరదోస పేర్లు ఒకటే కానీ అవి కూడా కలవవు. దోసకాయ కలిసేది ఖర్బూజాతో, ఎందుకంటే రెండూ ఒకే జాతి.

కలవకూడదంటే పెళ్ళి మనమే చెయ్యాలి. ఆనప, బీర పూలు సాయంత్రం విప్పుతాయి, గుమ్మడి తెల్లవారుజామున. రేపు విప్పుతుందనిపించిన ఆడమొగ్గకి, అదే రకం వేరే పాదు మీది మగమొగ్గకి ముందే కాగితం పొట్లం కట్టాలి. వెనక పిందె ఉన్నది ఆడది, ఉత్త కాడ ఉన్నది మగది. విప్పగానే మగపువ్వు రెక్కలు తుంచి ఆడపువ్వు నడుమ మెల్లగా అద్ది, మళ్ళీ పొట్లం కట్టి, కాడకి దారం. రెండు రోజులకి పొట్లం తీసెయ్యచ్చు. పది నిమిషాల పని. పొట్లం కట్టిన పువ్వుల వైపు వీధిలో వాళ్ళు వింతగా చూస్తారు, చూడనీండి.

హైబ్రిడ్ గింజ దాచితే మొలవదని చాలామంది అంటారు. మొలుస్తుంది, బ్రహ్మాండంగా మొలుస్తుంది. కాకపోతే రెండు వేర్వేరు తల్లిదండ్రుల లక్షణాలు ఆ తరంలో విడిపోతాయి. ఒక మొక్క తాతలా, ఒకటి అమ్మమ్మలా, ఒకటి ఎవరిలానూ కాకుండా. తినడానికి సరదాగా ఉండొచ్చు, మార్కెట్‌కి పనికిరాదు. దాచుకోవాలంటే నాటు రకం గానీ, హైబ్రిడ్ కాని మెరుగు రకం గానీ ఉండాలి. ఇక, మొలవకుండా చేసిన “టెర్మినేటర్” విత్తనాల మీద అమెరికాలో 1998లో పేటెంట్ వచ్చిన మాట నిజమే కానీ అవి బజారులోకి ఎప్పుడూ రాలేదు.

గింజ తియ్యడం గురించి రెండు మాటలు చాలు. ఆనప, బీర, బెండ, చిక్కుడు కాయలు ఎండి గలగలమన్నాక వలుచుకోవడమే. వంకాయ పసుపు తిరిగి గోధుమ రంగుకి వచ్చేదాకా వదలాలి, ఊదాగా నిగనిగలాడే కాయలో గింజ ఇంకా పిల్లే. టమాటా గింజ చుట్టూ జిగురు ఉంటుంది, అది మొలకని ఆపుతుంది. గుజ్జుతో సహా గిన్నెలో తీసి ఒకటి రెండు రోజులు పులియబెడితే ఆ జిగురు విడిపోతుంది, మంచి గింజ అడుక్కి దిగుతుంది, తాలు తేలుతుంది. మన ఎండల్లో మూడో రోజుకి గిన్నెలోనే మొలకలొస్తాయి, కాబట్టి కన్నేసి ఉంచాలి. కడిగాక కాగితం మీద ఆరేస్తే అతుక్కుపోతాయి, పళ్ళెంలో ఆరేయండి.

ఎరువాకకి నెల ముందు మొలక చూసుకోవడం నేను ఆ దెబ్బతో నేర్చుకున్నాను. తడిపి పిండిన గుడ్డలో కనీసం ఇరవై గింజలు పరిచి, చుట్టి, కవర్లో పెట్టి రోజూ చూడాలి. బెండ, పాదులు వారం, పది రోజుల్లో తేలిపోతాయి. వంగ, మిరపకి రెండు వారాలు ఆగాలి. కొత్తగా తీసిన వంగ, కాకర గింజలు మొలవకపోతే చచ్చాయనుకోవద్దు, వాటికి కొన్ని వారాల పుట్టునిద్ర ఉంటుంది. కానీ పాత గింజల్లో సగమే మొలిస్తే, “రెట్టింపు పెడితే సరి” అనుకోవడం మోసం. చచ్చిన సగం పక్కన బతికి ఉన్న సగం కూడా ముసలివే. గుడ్డలో మొలుస్తాయి, ముసురు పట్టిన మట్టిలో కుళ్ళిపోతాయి. నా సీసాలో మొలిచిన ఆ ఒక్క ఆనప మొక్క కథ అదే.

ఆయుష్షు విషయంలో ఉల్లి గింజ అన్నిటికన్నా అల్పాయుష్షుది. మన వాతావరణంలో తెరిచి ఉంచితే ఏడాది కూడా కష్టమే. మిరప, బెండ రెండేళ్ళు, టమాటా మూడు, నాలుగు, వంగ, గుమ్మడి, దోస నాలుగు, ఐదు. ఉల్లి తప్ప మిగతా లెక్కలన్నీ బాగా ఎండి, గట్టి మూతలో ఉన్నవాటికి.

చట్టం విషయంలో కూడా ఒక అనవసర భయం ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట గింజని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు వేసి విత్తనంగా అమ్మడం ఒక్కటే కుదరదు.

పంచుకోవడం మనకి కొత్త కాదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి ముందు రాత్రి, తొలేళ్ళలో, పూజారి చేతుల మీదుగా ధాన్యపు గింజలు అందుకుని తమ విత్తనాల్లో కలుపుకోవడం రైతులకి ఆనవాయితీ. నమ్మకం సంగతి పక్కన పెట్టి చూసినా, ఒక గింజ పది ఇళ్ళలో ఉండటానికి లెక్క ఉంది. తుఫానుకి ఒక ఇంటి పైకప్పు ఎగిరిపోవచ్చు, ఒక ఉట్టి తెగిపోవచ్చు, ఒక తెలివైనవాడు చెమ్మ గింజకి మూత బిగించెయ్యొచ్చు.

ఈ ఏడు మా పందిరి మీద పాకుతున్న ఆనప పిన్ని ముంతలోదే. మొదటి కాయల్లో రెండిటికి దారం కట్టాను. ఒకటి ఆవిడకి ఇవ్వాలి. వేయించిన బియ్యం సీసాలో దాచి చూపిస్తానన్నాను. “సరేలే, సగం నా ఉట్టి మీద కూడా ఎట్టు” అంది.